కూరను చూసి గిన్నె కొనుక్కోవాలి

సంపాదకులు గారికి నమస్తే.

మీ ఆదివారం అనుబంధంలో ఈమధ్య ఒక పేజీ వేశారు, ఇంటికి చుట్టాలొస్తే వడ్డించడానికి స్టైలిష్ గిన్నెలు, ప్లేట్లు, ట్రేలు ఎలా ఎంచుకోవాలో చెబుతూ. ఇలాంటి విషయానికి పూర్తి పేజీ ఇచ్చినందుకు ముందుగా థ్యాంక్స్. ఇల్లు నడిపేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు, దీనికి పెట్టే డబ్బు కూడా చిన్నది కాదు. కానీ ఆ ఫొటోలు చూశాక ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. నల్లరాతి పలకలు, చెక్క బోర్డులు, మూడంతస్తుల కేక్ స్టాండు, లోతు లేని వెడల్పాటి తెల్ల ప్లాటర్లు, బొటనవేలంత గాజు కప్పులు. చూడటానికి అన్నీ బాగున్నాయి. కాకపోతే నల్లగొండలో ఒక ఆదివారం మధ్యాహ్నం చుట్టాలకు పెట్టే బగారా అన్నం, మటన్ కూర, పచ్చిపులుసు, పెరుగు, జొన్న రొట్టె, వీటిలో ఒక్కటి కూడా ఆ పాత్రల్లో కుదురుగా నిలవదు.

అందమైన గిన్నెలు వద్దని నేను అనడం లేదు. నాకు చాలా ఇష్టం, గిన్నెల షాపు కనిపిస్తే లోపలికి పోకుండా రాలేను. నేను చెప్పేది ఒక్కటే, గిన్నె ఎంపిక మనం వండే కూర దగ్గర, మన ఇంటికొచ్చి తినే మనిషి దగ్గర మొదలవ్వాలి. అలా కొన్న గిన్నె ఏళ్ల తరబడి చేతిలో తిరుగుతుంది. ఫొటో చూసి కొన్నది షోకేసులో దుమ్ము పట్టి కూర్చుంటుంది, మా బంధువుల ఇండ్లలో అలాంటివి ఎన్నో చూస్తున్నాను.

మన దగ్గర చుట్టాలు లెక్కపెట్టి ఆరుగురు రారు. దసరాకో, బోనాలకో, పుట్టువెంట్రుకలకో పిలిస్తే పదిమంది అనుకున్న చోట పదిహేను మంది అవుతారు. అందులో నలుగురు డైనింగ్ టేబుల్ దగ్గర, మిగతావాళ్లు హాల్లో చాపల మీద, మోకాళ్లు వంగని పెద్దవాళ్లు కుర్చీలో పళ్లెం ఒళ్లో పెట్టుకుని, పిల్లలు టీవీ ముందు. అంటే గిన్నె ఒక చోట ఉండదు, ఇల్లంతా తిరుగుతుంది. ఇంటి కోడలో ఆడబిడ్డో ఎడమచేత్తో గిన్నె, కుడిచేత్తో గరిటె పట్టుకుని వరుసగా వంగి వడ్డించాలి, "ఇంకో రెండు ముక్కలు వేయించుకో అన్నయ్యా" అని ఆగాలి, మళ్లీ వంటింట్లోకి పోయి నింపుకుని రావాలి. మీ పేజీలో చూపించినవన్నీ టేబుల్ మధ్యలో పెట్టేస్తే ఎవరికి వాళ్లు వేసుకునే పద్ధతికి సరిపోతాయి. మనకు మాత్రం ఒంటిచేత్తో మోయగలిగే బరువు, వేళ్లు కాలని అంచు, చాలినంత లోతు, సరిగ్గా కూర్చునే మూత కావాలి. ఈ నాలుగూ ఉండి అందంగా కూడా ఉండే గిన్నెలు మార్కెట్లో ఉన్నాయి, వాటి గురించి చెప్పేవాళ్లే తక్కువ.

మటన్ కూరనే తీసుకోండి. మనం చేసేది పులుసు ఉన్న కూర, మీద ఎర్రగా నూనె తేలుతుంది. లోతు లేని ప్లాటర్లో పోస్తే ముక్కలు మధ్యలో గుట్టగా నిలబడతాయి, పులుసంతా అంచులకు చేరుతుంది. పట్టుకుని రెండడుగులు వేశామో లేదో ఒక పక్కకు ఒరిగి చీర మీదనో చాప మీదనో కారుతుంది. గరిటెను ఆనించి పెడితే పిడితో సహా జారి కూరలో పడుతుంది, దాన్ని తీయడానికి వేళ్లు ముంచాలి, ఆ జిడ్డు చేతులతోనే మళ్లీ అన్నం గిన్నె పట్టుకోవాలి. అదే లీటరున్నర పట్టే, అడుగు గుండ్రంగా ఉండి మెడ దగ్గర కాస్త సన్నబడి అంచు బయటికి తిరిగిన హండీ లాంటి గిన్నె అయితే ఈ బాధేమీ ఉండదు. పులుసు ముక్కలతో కలిసే ఉంటుంది, గరిటె అడుగు దాకా పోతుంది, అంచు బయటికి తిరిగి ఉంటుంది కాబట్టి వేళ్లకు పట్టు దొరుకుతుంది. రెండు పొరల స్టీలువి తీసుకుంటే పొరల మధ్య గాలి ఉండి బయటి వైపు కాలదు, లోపల కూర వేడి కూడా తొందరగా పోదు. బయట రాగి పూత వేసి సుత్తి దెబ్బల డిజైన్ ఉన్నవి కూడా వస్తున్నాయి, చూపుకు నిండుగా ఉంటాయి, లోపల స్టీలే కాబట్టి పులుపుతో పేచీ లేదు. పదిహేను మంది వస్తారని ఒకటే పెద్ద గిన్నె కొనకండి. చిన్నవి రెండు కొని ఒకటి వడ్డనలో, ఒకటి పొయ్యి పక్కన నింపుకుని పెట్టుకుంటే మోసేవాళ్ల నడుం నిలబడుతుంది, ఆఖరు పంక్తిలో కూర్చున్నవాళ్లకు కూడా వేడి కూర దొరుకుతుంది.

పచ్చిపులుసుకు గిన్నే అవసరం లేదు, జగ్గు కావాలి. అది నీళ్లలాగే పలుచగా ఉంటుంది, గిన్నెలోంచి గరిటెతో తీసి పోస్తుంటే సగం ఉల్లిపాయ ముక్కలు అడుగునే ఉండిపోతాయి, పైనుంచి చుక్కలు పడుతూ ఉంటాయి. మూతి వెడల్పుగా ఉండి కొస ఉన్న గాజు జగ్గులో పోసి ఒక్కసారి తిప్పి వంచితే ఉల్లిపాయ, కొత్తిమీర, పచ్చిమిర్చి అన్నీ కలిసి అన్నంలోకి వస్తాయి. పైగా గాజులోంచి ఆ రంగు, ఆకుపచ్చ తునకలు కనిపిస్తుంటే దానికి మించిన అలంకారం వేరే అక్కర్లేదు. పచ్చిపులుసు కాచేది కాదు కాబట్టి మామూలు గాజు జగ్గయినా సరిపోతుంది. మసిలే చారు మాత్రం మామూలు గాజులో పోయొద్దు, ఒక్కసారిగా వేడి తగిలితే పగులుతుంది. దానికి వేడికి తట్టుకునే బోరోసిలికేట్ గాజు, లేదంటే స్టీలు.

ఇక ఇత్తడి. ఇప్పుడు దీని మీద మోజు బాగా పెరిగింది, మీ పేజీలో కూడా ఒక ఇత్తడి గిన్నెలో పెరుగుపచ్చడి పెట్టిన ఫొటో వేశారు. ఆ ఫొటో గురించే నా అసలు అభ్యంతరం. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. పెరుగు, చింతపండు, నిమ్మకాయ, టమాటా, ఊరగాయ, ఇలా పులుపున్నది ఏది తగిలినా లోహం అందులోకి దిగుతుంది, రుచి చేదెక్కుతుంది, ఎక్కువసేపు ఉంచితే పచ్చగా చిలుము పడుతుంది, అది కడుపులోకి పోతే వాంతులు, కడుపునొప్పి. మన పెద్దవాళ్లు ఇత్తడి గిన్నెల్లోనే వండుకున్నారు కదా అని చాలామంది అంటారు, నిజమే, కానీ వాళ్లు లోపల కళాయి వేయించుకునేవాళ్లు. కళాయి అంటే తగరం పూత. గిన్నెను నిప్పుల మీద బాగా కాల్చి, నవసాగరం పొడి చల్లి, తగరం ముక్కను ఆనించి, అది కరగగానే దూదితో గిన్నె లోపలంతా గబగబా తుడుస్తారు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి ఆ పని నిమిషాల్లో అయిపోతుంది, గిన్నె లోపల వెండిలాగా మెరుస్తుంది. వాడగా వాడగా ఆ తెలుపు అరిగి లోపల పసుపు మచ్చలు కనబడితే మళ్లీ కళాయి వేయించాలని అర్థం. గట్టి పీచుతో తోమితే ఇంకా తొందరగా పోతుంది. కళాయి లేని ఇత్తడిలో పులుపు పెట్టొద్దు అన్న ఒక్క మాట ఆ ఫొటో కింద వేసి ఉంటే ఎంతో మేలు జరిగేది.

ఇంకో సంగతి, ఆన్‌లైన్లో అలంకారానికి అమ్మే ఇత్తడి ఉరుళి (వెడల్పాటి గిన్నె), ట్రేలు చాలావాటికి మెరుపు పోకుండా లక్క లాంటి పూత వేసి ఉంటుంది. నీళ్లు పోసి పూలు వేసుకోవడానికే అవి. వాటిలో అన్నం పెట్టొద్దు. తినే పదార్థం పెట్టాలంటే అది తినడానికి పనికొచ్చేదేనా అని అడిగి, బిల్లు మీద రాయించుకుని తీసుకోండి. పొడిగా ఉండే వాటికి ఇత్తడి నిక్షేపంగా వాడుకోవచ్చు. తమలపాకులు, వక్కలు, పండ్లు, కాగితం చుట్టిన స్వీట్లు, ఇవన్నీ పెట్టి అందించడానికి ఇత్తడి తాంబాళం ముందు ఏ ట్రే నిలుస్తుంది? జనగామ దగ్గర వరంగల్ రోడ్డు మీద ఉన్న పెంబర్తిలో ఇత్తడి రేకును వెనక నుంచి సుత్తితో కొట్టి ముందుకు బొమ్మ తేల్చే పని చేస్తారు, 2010లో ఆ పనికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. మనకు ఇంత దగ్గర్లో ఉన్న పనితనం మీ పేజీలో ఒక్క ఫొటోకు కూడా నోచుకోలేదు. పాలమూరు నుంచైనా నల్లగొండ నుంచైనా వరంగల్ వైపు పెళ్లికో జాతరకో పోయేవాళ్లు ఒక గంట ఆగి చూసి రావచ్చు.

జొన్న రొట్టె, సజ్జ రొట్టె పెట్టేవాళ్లకు ఒక మాట. పువ్వుల డిజైన్లున్న హాట్‌బాక్స్ కొని వేడివేడి రొట్టెలు అందులో పేర్చి మూత బిగిస్తారు. రొట్టెలోంచి ఆవిరి లేచి మూతకు తగిలి నీళ్లయి మళ్లీ రొట్టె మీదనే పడుతుంది. వడ్డించే వేళకు పై రొట్టె తడిసి, కింది రొట్టె మెత్తబడి పళ్లేనికి అంటుకుని, విరిస్తే పిండిలాగా వస్తుంది. ఇంత కష్టపడి చేత్తో తట్టిన రొట్టె అలా పాడైపోతే ప్రాణం ఉసూరుమంటుంది. మేదరివాళ్లు అల్లే వెదురుబుట్టలో తెల్ల నూలుబట్ట పరిచి, రొట్టెలు పెట్టి, నాలుగు కొసలూ మీదికి కప్పితే ఆవిరి బట్టలోకి, బుట్ట సందుల్లోంచి బయటికి పోతుంది, రొట్టె వెచ్చగానే ఉంటుంది, తడవదు. హాట్‌బాక్సే వాడతామంటే రొట్టెల కిందా మీదా బట్ట వేసి మూత కొంచెం వారగా పెట్టండి. నా మట్టుకు నాకు టేబుల్ మీద వెదురుబుట్ట కంటే అందమైన వస్తువు లేదు, పైగా ఒక హాట్‌బాక్స్ డబ్బుతో రెండు మూడు బుట్టలు వస్తాయి. సకినాలకు, గారెలకు, మక్కపేలాలకు కూడా ఆ బుట్టలే వాడుకోవచ్చు. తపాలచెక్కను మాత్రం ముక్కలు చేసి వెడల్పాటి పళ్లెంలో ఒకదాని మీద ఒకటి పడకుండా పరచాలి, గుట్టగా పోస్తే కరకర పోతుంది. మీరు చూపించిన ఆ చెక్కబోర్డు, నిజం చెప్పాలంటే, దీనికి బాగా పనికొస్తుంది. కడిగాక నానబెట్టకుండా వెంటనే తుడిచి ఆరబెట్టుకోవాలి, అంతే.

బట్టల మాట వచ్చింది కాబట్టి, టేబుల్ మీద పరిచే రన్నర్లు ప్లాస్టిక్‌వి, ఎక్కడివో తెప్పించినవి కొనే బదులు పోచంపల్లి ఇక్కత్ ముక్క పరిచి చూడండి. మొన్న మొన్నటి దాకా మన నల్లగొండ జిల్లాలోనే ఉన్న ఊరు, 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు యాదాద్రి భువనగిరికి పోయింది. అక్కడి ఇక్కత్‌కు 2005లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఆ ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. అటు పాలమూరు వాళ్లకు నారాయణపేట, గద్వాల మగ్గాలు ఉండనే ఉన్నాయి. తెల్లటి సాదా గిన్నెల కింద అలాంటి బట్ట ఉంటే మామూలు స్టీలు కూడా పండగలా కనబడుతుంది, ఖరీదైన డిన్నర్ సెట్టుకు పెట్టే డబ్బు అక్కడే మిగులుతుంది. కొత్తది కొన్నాక రెండు మూడుసార్లు చల్లనీళ్లలో విడిగా ఉతికి, రంగు దిగడం ఆగాకే వాడండి. రొట్టె చుట్టడానికి మాత్రం రంగు బట్ట వద్దు.

డిన్నర్ సెట్టు అన్నాను కదా. పెళ్లిళ్ల సీజన్లో "51 పీసుల సెట్" అని పెద్దగా రాసి పెడతారు. డబ్బా విప్పి లెక్కపెట్టండి, అందులో చెంచాలు, ఫోర్కులు, చిన్న గిన్నెల మూతలు కూడా పీసులే. పళ్లేలు ఆరే, వడ్డించే గిన్నెలు రెండో మూడో, అవీ కూర అడుగున కనబడేంత చిన్నవి. ఆరుగురికి చేసిన సెట్టు మన ఇండ్లలో ఏ పండక్కు సరిపోతుంది? ఒక పళ్లెం పోయిందా, అదే డిజైన్ మళ్లీ దొరకదు, సెట్టు మొత్తం అటకెక్కుతుంది. కొత్త కాపురం పెట్టే పిల్లలకు బహుమతి ఇచ్చేవాళ్లకు నా సలహా ఏమిటంటే, సెట్టు ఇవ్వకండి. పువ్వులూ గీతలూ లేని సాదా రకంలో పళ్లేలు విడిగా డజను, ఒకే కుటుంబంలా కనబడే వడ్డన గిన్నెలు నాలుగు, మంచి గరిటెలు నాలుగు ఇవ్వండి. సాదావి ఎప్పుడు పోయినా విడిగా తెచ్చి కలుపుకోవచ్చు. బేగంబజార్ దాకా పోయే ఓపిక ఉంటే అక్కడ స్టీలు, ఇత్తడి, గాజు అన్నీ పక్కపక్క గల్లీల్లోనే దొరుకుతాయి, లేదంటే మన ఊళ్లో కిలో లెక్కన అమ్మే స్టీలు షాపులే చాలు.

స్టీలు కొనేటప్పుడు అయస్కాంతం పెట్టి చూసి అంటుకోలేదు కాబట్టి మంచిదే అనుకుంటారు. ఆ పరీక్ష పూర్తిగా నమ్మొద్దు. 304 రకంలో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం దాకా ఉంటుంది, తుప్పుకు బాగా తట్టుకుంటుంది. 202 రకంలో నికెల్ తగ్గించి మాంగనీసు కలుపుతారు, అది చవక, ఉప్పుకూ పులుపుకూ అంతగా ఆగదు. మరి రెండింటికీ అయస్కాంతం పెద్దగా అంటుకోదు. అందుకే రకం ఏదో బిల్లు మీద రాసివ్వమనండి, ఐఎస్ఐ గుర్తు చూడండి. స్టీలు, అల్యూమినియం పాత్రలకు ఆ గుర్తు తప్పనిసరి చేస్తూ కేంద్రం 2024లో ఉత్తర్వు ఇచ్చింది.

పింగాణీ విషయంలో నేను చేసే పని చెబుతాను. గిన్నెను కౌంటర్ మీద పెట్టి అటూ ఇటూ తోసి చూస్తాను, ఊగితే తీసుకోను. అంచు మీద వేలితో కొడితే ఖంగుమనాలి, మొద్దుగా పలికితే ఎక్కడో సన్నని పగులు ఉన్నట్టే. తిరగేసి అడుగున గరుకుగా ఉందేమో తడుముతాను, గరుకుంటే డైనింగ్ టేబుల్ గాజు మీద గీతలు పడతాయి. లోపల మెరుపు పూత మీద వెంట్రుక లాంటి గీతలుంటే వద్దు, పసుపూ నూనే వాటిలో ఇరుక్కుని ఎంత తోమినా పోవు. బోన్ చైనాలో పశువుల ఎముకలు కాల్చిన బూడిద కలుస్తుంది, చాలామందికి ఈ సంగతి తెలియక వ్రతానికి వాయనం పళ్లేలుగా కూడా కొంటున్నారు. పట్టింపు ఉన్నవాళ్లు ఒపాల్ గాజువి తీసుకుంటే అంతే తెల్లగా, అంతే సన్నగా ఉంటాయి, ఎముక బూడిద ఉండదు. బంగారు అంచు ఉన్నది ఏదైనా మైక్రోవేవ్‌లో పెట్టొద్దు, మెరుపులు వస్తాయి.

మెలమైన్ (గట్టి ప్లాస్టిక్ రకం) గురించి మీ పేజీలో "తేలిక, పగలదు" అని రాశారు, రెండూ నిజమే. ఫంక్షన్ హాళ్లన్నీ వాటితోనే నడుస్తున్నాయి. కానీ మరిగే పులుసు అందులో పోయకూడదన్న సంగతి రాయలేదు. బాగా పులుపున్న పదార్థం 71 డిగ్రీలు, ఆపైన వేడిగా ఉంటే మెలమైన్ అందులోకి దిగడం పెరుగుతుందని, మైక్రోవేవ్‌లో అసలు పెట్టొద్దని అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఎప్పుడో చెప్పింది. మన భోజనంలో పొయ్యి మీంచి దించి పులుపుగా పెట్టనిది ఏముంది, చెప్పండి? మురుకులు, సకినాలు, కోసిన పండ్లు పెట్టుకోండి, అంతవరకే.

మా జిల్లా వాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. బోరు నీళ్లతో కడిగితే గిన్నె ఆరగానే తెల్ల మచ్చలు తేలతాయి. నల్లగా నిగనిగలాడే ప్లేట్లు, ముదురు నీలం గాజు ఇప్పుడు ఫ్యాషన్, కానీ ఆ నీళ్లకు నాలుగు వారాల్లో సున్నం కొట్టిన గోడలా తయారవుతాయి. తెలుపు, మీగడ రంగు, మట్టి రంగు వాటి మీద ఆ మచ్చ కనబడదు. స్టీలు మీద పడ్డదాన్ని చింతపండు పులుసుతోనో నిమ్మచెక్కతోనో రుద్ది వెంటనే పొడిబట్టతో తుడిస్తే పోతుంది.

నీళ్ల మాట ఎత్తాక ఈ విషయం చెప్పకుండా ఉండలేను. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు మా బంధువుల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు బిగుసుకుపోయిన పెద్దవాళ్లు ఉన్నారు. ఇప్పుడు కృష్ణా నీళ్లు వస్తున్నాయి, పిల్లలకు ఆ బాధ తప్పుతోంది, కానీ వంగిన ఎముకలు నిటారు కావు కదా. అలాంటి ఒక పెద్దమ్మ చేతికి కొత్త ఫ్యాషన్ స్టోన్‌వేర్ (మట్టిని గట్టిగా కాల్చి చేసే మందపాటి) ప్లేటు ఇస్తే, అది ఖాళీగానే ముప్పావు కిలో దాకా తూగుతుంది, దాని మీద అన్నం, కూర, ఒక పక్క గాజు గిన్నెలో పెరుగు. ఆమె మణికట్టు తిరగదు, ఒళ్లో పెట్టుకుంటే ప్లేటు బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి అన్నం అంచు దాటి చీరలో పడుతుంది, అందరి ముందూ అలా జరుగుతుందని ఆమె తక్కువ తింటుంది. "చాలు బిడ్డా, కడుపు నిండింది" అంటుంది. నిండదు. ఆమెకు కావాల్సింది అంగుళం ఎత్తు అంచు నిటారుగా లేచిన తేలికైన పళ్లెం. అన్నాన్ని ఆ అంచుకు ఆనించి కలుపుకుంటే వేళ్లకు ఆసరా దొరుకుతుంది. పెరుగుకు విడిగా చెవి ఉన్న కప్పు, నీళ్లకు సన్నగా పొడుగ్గా జారిపోయే గ్లాసు కాకుండా చేతికి నిండుగా పట్టు దొరికే తేలికైన గ్లాసు. ఆ అంచున్న పళ్లేలే అందరికీ పెట్టేస్తే ఆమెను వేరుగా చూసినట్టు కూడా ఉండదు. లేత గోధుమరంగు అంచుతో, సాదాగా, ఎంతో అందమైనవి వస్తున్నాయి అలాంటివి. అతిథి మర్యాద గురించి రాసే పేజీలో ఈ మనుషులు కూడా ఉండాలని నా కోరిక.

యాభై మంది దాటితే మాత్రం గిన్నెల షాపు వైపు చూడొద్దు, విస్తరాకులు తెప్పించుకోండి. అచ్చంపేట, అమ్రాబాద్ వైపు నల్లమలలో మోదుగాకులు కోసి, ఎండబెట్టి, సన్న పుల్లలతో కుట్టి కట్టలు కడతారు. ఏ అడవికి పోయినా మోదుగకు మూడే ఆకులు అంటారు, ఆ మూడేసి ఆకులతోనే ఎన్ని పంక్తులు లేచాయో. కొంచెం నీళ్లు చిలకరించి మెత్తబడ్డాక స్టీలు పళ్లెంలో గుండ్రంగా పరిచి పెడితే కింద గట్టిదనం, పైన ఆకు వాసన, రెండూ దొరుకుతాయి. పచ్చిపులుసు, పెరుగు దొప్పల్లో. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధంలో ఉన్నాయి, అయినా మన ఫంక్షన్లలో ఇంకా కనబడుతూనే ఉన్నాయి. కాగితం ప్లేట్లు మంచివి అనుకుంటారు, చాలావాటికి మీద సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, ఆవు తిన్నా కష్టమే. విస్తరాకు మట్టిలో కలిసిపోతుంది, దానికి పెట్టే డబ్బు అడవి ఊళ్లో ఆడవాళ్ల చేతికి పోతుంది.

గరిటెల సంగతి అసలు ఎవరూ పట్టించుకోరు. ఎంత మంచి గిన్నె కొన్నా అందులో వంటగరిటెనే పెడితే కూర వడ్డిస్తుంటే పిడి బరువుకు తిరగబడుతుంది. పప్పుకు గుంటగరిటె, అన్నానికి వెడల్పాటి హస్తం, ముక్కల కూరకు మధ్యస్థంగా లోతున్నది, ఊరగాయకు చిన్న పొడి చెంచా. గరిటె పిడి గిన్నె లోతుకు రెండింతలుండాలి, కొసన చిన్న వంపు ఉంటే అంచుకు తగిలించుకోవచ్చు, లోపలికి జారదు. ఊరగాయను పెద్ద డబ్బాలోంచి తీసి చిన్న జాడీలో వేసి పెట్టండి, నలుగురి చేతి తడి తగిలినా ఆ కొంచెమే పాడవుతుంది.

సంపాదకులు గారూ, బతుకమ్మ, దసరా అనుబంధం వేసేటప్పుడు మీ ఫొటోగ్రాఫర్‌ను ఒకసారి మిర్యాలగూడకో వనపర్తికో పంపి, ఏదో ఒక ఇంట్లో నిజంగా వండిన భోజనాన్ని ఇలాంటి గిన్నెల్లో పెట్టించి ఫొటోలు తీయించండి. సత్తుపిండి, మలీద, పోలెలు, నాటుకోడి కూర, బగారా అన్నం, ఏది దేంట్లో బాగుంటుందో చూపించండి, ధరలు కూడా వేయండి. దాంతోపాటు నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ పట్టణాల్లో కళాయి వేసేవాళ్లు ఇప్పుడు ఎక్కడ కూర్చుంటున్నారో, మేదరి బుట్టలు ఏ బజార్లో దొరుకుతాయో జిల్లా పేజీలో ఒక చిన్న పెట్టెలో వేసినా చాలు. మా అత్తమ్మ కాలం నాటి ఇత్తడి గిన్నెలు కళాయి పోయి అటక మీదున్నాయి, మా వీధిలో ఇంకా చాలా ఇండ్లలో ఉన్నాయి. కళాయి వేసే మనిషి ఎక్కడున్నాడో తెలిస్తే పండగలోపు అన్నీ దించి తీసుకుపోతాం.

ఇట్లు,
మీ పాఠకురాలు,
నల్లగొండ